బండి దగ్గుకి రెండు మందులు

ఆ పూట చేయాల్సిన పని చాలా చిన్నది. పదకొండింటికి భార్యకి డ్రైవింగ్ పరీక్ష. ఈలోగా బండికి పట్టిన దగ్గు వదిలించాలి. కాఫీ చల్లారేలోపే అది అయిపోతుందని అద్దాలాయన తేల్చేశాడు. తేల్చేయడంలో ఆయన ఎప్పుడూ వెనకాడిన మనిషి కాదు.

అద్దాలాయన అంటే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. కళ్ళు పరీక్షించడం ఆయన వృత్తి, బండి ఆయన ప్రాణం. ఈమధ్యే ఆ ప్రాణానికి కంపెనీ సైలెన్సర్ పీకించి, తళతళా మెరిసే పొట్టిదొకటి పెట్టించాడు. ఊపిరి బాగా ఆడాలని ఎయిర్ ఫిల్టర్ కూడా మార్పించాడు. ఊపిరైతే బాగానే ఆడింది గానీ, ఆ గాలికి తగ్గ పెట్రోలు అందక బండికి దగ్గు పట్టింది. నెమ్మదిగా నడిపితే ఖళ్ళుమంటుంది, యాక్సిలరేటర్ వదిలితే ఢామ్మని పేలుతుంది, మలుపులో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆయనకి అదంతా మగసిరిలా ఉండేది. ఇప్పుడు నడపాల్సింది ఆవిడ. అది కూడా ఎనిమిది అంకె గీసిన దారిలో, కాలు కింద పెట్టకుండా.

ఆవిడకి ఇది సరదా వ్యవహారం కాదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. జీతం ఎక్కువ, స్కూటర్ ల్యాబు వాళ్ళే ఇస్తారు, కానీ సోమవారానికి చేతిలో లైసెన్సు ఉండాలి. ఒకసారి ఇదే బండి మీద పరీక్షకు వెళ్ళింది. మలుపులో అది ఆగిపోయింది, ఆవిడ కాలు పెట్టింది, పరీక్ష తప్పింది. మళ్ళీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది. 

మందు గురించి ముందురోజే పెద్ద చర్చ నడిచింది. పాత సైలెన్సర్ తిరిగి బిగించేస్తే గొడవ వదులుతుందని మెకానిక్ అన్నాడు. ఆవిడా అదే అంది. కళ్ళు మసకేసినవాణ్ణి కళ్ళు మూసుకోమన్నట్టుందని అద్దాలాయన కొట్టిపారేశాడు. కంప్యూటర్ల పనిచేసే బావమరిది, ల్యాప్‌టాప్ తగిలించి, బండిలో ఉండే కంప్యూటర్ లెక్కనే తిరగరాస్తానన్నాడు. దాన్ని రీమ్యాప్ అంటారట. కంటికి కనబడని వైద్యం మీద తనకి నమ్మకం లేదన్నాడు అద్దాలాయన. ఆయన తెప్పించింది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె. సీటు కింద వైర్లకు తగిలించి, దాని మీదున్న నాబ్ కుడికి తిప్పితే ఇంజనుకి పెట్రోలు పెరుగుతుంది. చేత్తో తిప్పేది చేత్తోనే చెడుతుందని బావమరిది దెప్పాడు. మాటా మాటా పెరిగింది. బావమరిది భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు.

అందుకే పొద్దున్నే అద్దాలాయన గుట్టుచప్పుడు కాకుండా పెట్టె బిగించేశాడు. ఇక నాబ్ ఎంత తిప్పాలన్నదే ప్రశ్న. అదొక ప్రశ్నే కాదన్నాడు. దుకాణంలో రోజంతా చేసేది అదే కదా. ఒక అద్దం పెట్టి చూపించాలి, రెండోది పెట్టి చూపించాలి, ఏది బాగుందో అడగాలి. భార్యని వెనక కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళాడు. దిగి, సీటెత్తి, నాబ్ కొంచెం తిప్పి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"ఇదే బాగుందండీ."

ఇంకాస్త తిప్పాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఇదే బాగుందంది. పాపం, ఆవిడ మనసంతా ఎనిమిది అంకె మీద ఉంది. తొందరగా దింపేస్తే చాలని ఏది అడిగితే అదే బాగుందంటోంది. దుకాణంలో ఇలాంటివాళ్ళు రోజుకి పదిమంది వస్తారు. అప్పుడాయన తెలివిగా మొదటి అద్దాన్నే మళ్ళీ పెట్టి చూసి, వాళ్ళ గుట్టు పట్టేస్తాడు. కట్టుకున్నదాన్ని కూడా అనుమానిస్తే ఎలా అనుకున్నాడు కాబోలు, ఆ పరీక్ష మాత్రం పెట్టలేదు. నాబ్ కుడివైపు చివరికంటా వెళ్ళిపోయింది.

గేటు ముందు ఆగి ఒక్కసారి గట్టిగా రైజ్ చేశాడు. నల్లటి పొగ భళ్ళున లేచి, పై వాటా ఆవిడ అప్పుడే ఉతికి ఆరేసిన తెల్ల దుప్పట్లలోకి తిన్నగా వెళ్ళింది. పై వాటా ఆవిడ కేకలు వేయలేదు. పిట్టగోడ మీంచి తొంగిచూసి, "అన్నయ్యగారూ, ఒకసారి పైకి వస్తారా?" అంది. కేకలేసినా బాగుండేది. ఆయన పైకెళ్ళి, పెట్రోలు పాలు కొంచెం ఎక్కువైతే పొగ ఎందుకొస్తుందో ఆవిడకి వివరంగా చెప్పాడు. ఆవిడ అంతా విని, బకెట్టూ సబ్బూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన పైన దుప్పట్లు ఉతుకుతుంటే, కింద భార్య కంగారుపడి తమ్ముడికి ఫోన్ చేసింది. అక్క ఉద్యోగం విషయం కదా, అలక పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌తో పరుగున వచ్చాడు. సీటు కింద పెట్టె ఉన్న సంగతి అతనికి తెలియదు. పెట్రోలు చాలడం లేదన్న పాత లెక్క ప్రకారమే రీమ్యాప్ చేసి పెట్రోలు పెంచేశాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అంటారు గానీ, ఇక్కడ ఇద్దరూ కలిసి ఇంజన్లో పెట్రోలు చిక్కబెట్టేశారు. స్టార్ట్ చేయగానే బండి రెండు గుటకలు మింగి, పొగ కక్కి, చప్పబడిపోయింది.

చేతులకి సబ్బు నురగతో అద్దాలాయన దిగివచ్చేసరికి బావమరిది తల గోక్కుంటున్నాడు.

"బావా, దీనికి మీరేమైనా తగిలించారా?"

"నేనా? నేనేం తగిలించలేదే."

తేలు కుట్టిన దొంగ పరిస్థితి ఆయనది. పెట్టె సంగతి చెబితే ముందురోజు పంతంలో ఓడినట్టు. పైగా నేరం పూర్తిగా రీమ్యాప్ మీదకి నెట్టి, ఆ కనబడని వైద్యం వెంటనే తీసేయమని కసిరాడు. బావమరిది మొహం ముడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంతలో భార్య, ఆ నురగ చొక్కాతో పరీక్షకు రావద్దని ఆయన్ని లోపలికి తరిమింది.

చొక్కా మార్చుకుని వచ్చేసరికి ఇంజను సన్నగా, నిలకడగా మోగుతోంది. దగ్గులేదు, పొగలేదు. రీమ్యాప్ తీసేశానని బావమరిది నేలచూపులు చూస్తూ చెప్పాడు. చూశావా, అసలు జబ్బేదో ఇప్పుడైనా తెలిసిందా అన్నట్టు అద్దాలాయన మీసం దువ్వుకున్నాడు. దారి పొడుగునా తన నాబ్ గొప్పదనమే చెప్పాడు. వెనక కూర్చున్న ఆవిడ సీటు అంచు గట్టిగా పట్టుకుంది. భయం కాబోలనుకున్నాడు.

పరీక్ష మైదానంలో ఆవిడ వంతు వచ్చింది. మళ్ళీ ఆగిపోతుందేమోనని ఆవిడ హ్యాండిల్ బిగించి పట్టుకుంది. కానీ బండి నూనె రాసినట్టు కదిలింది. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, పోయినసారి ఎక్కడ ఆగిందో ఆ మలుపే మళ్ళీ వచ్చింది. ఇంజను కిక్కురుమనలేదు. కాలు నేలకి తగలకుండా ఎనిమిది అంకె పూర్తిచేసి, ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి ఆగేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇన్‌స్పెక్టర్ వెంటనే సంతకం పెట్టేశాడు. చాలా బాగా నడిపారమ్మా అని మెచ్చుకున్నాడు. అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేస్తే కథ సుఖాంతమే. కానీ ఇన్‌స్పెక్టర్ వెళ్తూ వెళ్తూ మంచిమనసుతో ఇంకొక మాటన్నాడు. "శబ్దం కొంచెం ఎక్కువగా ఉందమ్మా. వాడిన బండి కదా, సైలెన్సర్‌కి కన్నం పడుంటుంది. మాట్లు వేయించుకోండి."

కన్నం! అద్దాలాయన నిలువునా కుంగిపోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా ముందుకు నడిచాడు. "కన్నం కాదు సార్. అది ప్రత్యేకంగా పెట్టించింది."

"అలాగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఎంతో ఆసక్తిగా. "ఇంకేం మార్పించారు?"

ఇంతకాలానికి తన విద్య గురించి అడిగినవాడు దొరికాడు. కొరివితో తల గోక్కుంటున్నానని ఆయనకి తోచనే లేదు. ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పాడు. మెకానిక్ అజ్ఞానం గురించి చెప్పాడు. బావమరిది రీమ్యాప్ తీయించి, తన పెట్టెతో బండిని ఎలా బతికించాడో చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని అంతా విని, ఆ పెట్టె చూపించమన్నాడు. అద్దాలాయన గర్వంగా సీటెత్తాడు.

పెట్టె ఉంది. దాని వైర్లు మాత్రం ఊడదీసి, చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"నేనే తీశానండీ," అంది భార్య మెల్లగా. "కంగారులో మా తమ్ముడికి పెట్టె సంగతి చెప్పడం మరిచాను, మీరు చొక్కా మార్చుకుంటున్నప్పుడు సీటెత్తి చూపించాను. రెండు మందులు వికటించినప్పుడు ఒకటి ఆపాలి కదా. మా తమ్ముడిది ఉంచేసి, తీసేశానని మీతో చెప్పమన్నాను. మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ మొహం పక్కకి తిప్పుకుని కాసేపు దగ్గాడు. తర్వాత తీర్పు చెప్పాడు. అమ్మగారు పాసయ్యారు, అందులో మార్పేమీ లేదు. బండి మాత్రం ఇక్కడే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్, ఫిల్టర్ తెచ్చి బిగించుకుని, జరిమానా కట్టి తీసుకెళ్ళవచ్చు. ఆ పెట్టె తగిలించి లేదు కాబట్టి దానికి జరిమానా లేదన్నాడు. అద్దాలాయనకి అన్నిటికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

సోమవారం పొద్దున ఆవిడ ల్యాబు స్కూటర్ తీసి, దారిలోనే కదా అని మొగుణ్ణి దుకాణం దగ్గర దింపుతానంది. ఆయన వెనకెక్కాడు. నాలుగు అడుగులు వెళ్ళాక, పికప్ కొంచెం తక్కువగా ఉన్నట్టుంది, చిన్న మార్పు చేస్తే, అని మొదలుపెట్టబోయాడు.

"ఇది ల్యాబుదండీ," అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే. "దీని మీద చెయ్యి పడితే పోయేది నా ఉద్యోగం."

దుకాణం వచ్చేదాకా ఆయన రెండు చేతులూ ఆయన మోకాళ్ళ మీదే ఉన్నాయి.