మేయర్ గారి సానుకూల పరిశీలన

ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి నిషినాగె పట్టణ కార్యాలయంలో ‘కుదరదు’, ‘కష్టం’ అనే మాటలు నిషేధం అని మేయర్ హిరాగా గారు ప్రకటించారు. ఆశావాద నాయకత్వం అంటే అదీ! టోక్యో కంపెనీలో ముప్పై ఏళ్లు నవ్వి వచ్చిన మనిషి మరి.

సిబ్బంది బెంబేలెత్తిపోయాం. అంతకాలం మేం చేసిన పనల్లా కుదరదనడమే. చివరికి రోడ్ల విభాగం అధిపతి ఇసొబె గారే దారి చూపించారు.

“పిచ్చివాడా, ‘సానుకూలంగా పరిశీలిస్తాం’ అనే మాట లేదూ?” అన్నారు నాతో.

ఉంది. ఆ మాటకు ‘ఇక ఇంటికి దయచెయ్యండి’ అని అర్థమని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మేయర్ గారికి ఒక్కరికే తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పడం నిరాశావాదం కదా!

మర్నాడే మీటింగు.

“ఒకుజావా వేలాడే వంతెన బాగుచేద్దామా?” అన్నారు మేయర్ గారు. ఒకుజావా అంటే లోయ అవతల ఉన్న మా పట్టణం కొండపల్లె.

“సానుకూలంగా పరిశీలిస్తాం!” అన్నారు ఇసొబె గారు.

“శభాష్!” అని మేయర్ గారు వంతెన పేరు పక్కన ‘పూర్తయింది’ అని రాసుకున్నారు. ఆ ఏడాది మా ఆఫీసులో ఒక్కరికీ రక్తపోటు పెరగలేదు. పని లేదు కదా, ఎందుకు పెరుగుతుంది?

మేయర్ గారు వంతెన మీద ‘ప్రమాదం’ బోర్డు తీయించి ‘ధైర్యంగా నడవండి’ అని పెట్టించారు. వారం తిరక్కుండా పోస్టుమ్యాన్ కాలు చెక్కల్లోంచి కిందికి దిగబడింది.

“ఒక్క కాలే కదా!” అన్నారు మేయర్ గారు. వంతెన మూతబడింది.

అప్పుడు ఒకుజావా నుంచి తొమీ మామ్మ వచ్చింది. ఆవిడ మొగుడికి వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. వంతెన ఉంటే పది నిమిషాలు. లేకపోతే కొండ చుట్టూ రెండు గంటలు.

“ముసలాయన ఓపిక అయిపోతోంది నాయనా. చెక్కలు వేయించు.”

మేయర్ గారు ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు. “మామ్మా, సానుకూలంగా పరిశీలిస్తాను!”

మామ్మ ముఖం వాడిపోయింది. “అంతేనంటావా?”

“అంతే మామ్మా!”

“ముప్పై ఏళ్లుగా మేయర్లంతా ఇదే మాట. నువ్వు చెయ్యి పట్టుకుని మరీ చెప్పావు,” అని వంగి నమస్కరించి వెళ్లిపోయింది.

“ఎంత నమ్మకమో చూశావా?” అన్నారాయన నాతో. నాకు సిగ్గేసింది. అయినా తలూపాను.

ఎన్నికలొచ్చాయి. ఇసొబె గారు ఉద్యోగం వదిలి మేయర్ గారి మీద పోటీకి దిగారు. కారులో కొండ చుట్టూ తిరిగి ఒకుజావా వెళ్లాం. ఉన్నది అరవై ఒక్క మంది, అందరూ ముసలివాళ్లే. మేయర్ గారు ఓటడిగారు. అందరూ నడుములు వంచి ఒక్క గొంతుతో అన్నారు:

“సానుకూలంగా పరిశీలిస్తాం!”

మా వైపు ఎన్నికల్లో నిలబడ్డవాళ్లు దరుమా అనే అదృష్టపు బొమ్మకు ఒక కన్నే దిద్దుతారు. రెండోది గెలిచాకే. మేయర్ గారు ఆ సాయంత్రమే రెండో కన్నూ దిద్దేశారు.

పోలింగ్ రోజు తెల్లారేసరికి కొండ దారి వెంట బారు కనిపించింది. కర్రలు, తోపుడు కుర్చీలు. తొమీ మామ్మ మొగుణ్ణి ఒకతను వీపున మోసుకొస్తున్నాడు.

“ఏం ఉత్సాహం! వంతెన లేకపోయినా వచ్చారు!” అన్నారు మేయర్ గారు.

లెక్క తేలింది. ఇసొబె గారు గెలిచారు. ఒకుజావా నుంచి మేయర్ గారికి పడిన ఓట్లు సున్నా.

ఆయన కాగితాన్ని ఓసారి తిరగేసి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“ఎక్కడో పొరపాటు జరిగింది. వాళ్లు మాటిచ్చారు కదా! మళ్లీ లెక్కపెట్టిస్తావా?”

నేను నడుం వంచి నమస్కరించాను.

“సానుకూలంగా పరిశీలిస్తామండీ.”

ఆయన ముఖం వెలిగిపోయింది.