మానసిక రోగ రహిత నియోజకవర్గం

మంగళవారం ఉదయం పదిన్నరకు ఎమ్మెల్యే సుబ్బరాజు గారు తన నియోజకవర్గంలో మానసిక రోగం లేదని ప్రకటించారు. రాష్ట్రంలో ఇదే మొదటిదని చెప్పి, శాలువా కప్పించుకున్నారు.

ఆధారం సర్వే. కార్యకర్తలు గడప గడపకూ వెళ్లి "మీ మనసు బాగానే ఉంది కదండీ?" అని అడిగారు. అందరూ "ఆయ్" అన్నారు. గుమ్మంలోకి వచ్చిన మనిషి మాట కాదనడం కోనసీమలో ఎవరికీ అలవాటు లేదు.

రోగం లేదు కాబట్టి ఆసుపత్రిలో సైకాలజిస్టు శారోన్ గది ఖాళీ చేయాలని కబురొచ్చింది. ప్రకటన తాలూకు ఫ్లెక్సీలు అందులో పెడతారట.

మధ్యాహ్నం ఐ.పోలవరం నుంచి గంగబాబు ఫోన్ చేశాడు. వైరస్ వచ్చి చెరువులో రొయ్య పోయినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. చెరువు గట్టున అతన్ని ఒంటరిగా వదలొద్దని శారోన్ ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచింది. గురువారం గురువారం వస్తున్నాడు. ఈమధ్యే కునుకు పడుతోంది. గది తీసేస్తే ఎక్కడికి రావాలని అడిగాడు. రేపు ఎమ్మెల్యే గారిని అడిగి చెబుతానంది.

బుధవారం శారోన్ ఎమ్మెల్యే గారింటికి వెళ్లింది. వరండా నిండా జనం. ఆయన కాఫీ ఇప్పించారు. సర్వే అంటే సైన్సని, సైన్సుతో వాదించకూడదని నచ్చజెప్పారు.

"నేనూ ఒక మాట అడిగి చూడొచ్చాండీ?"

"అడగండమ్మా."

ఆమె వరండా వైపు తిరిగింది. "కొబ్బరిచెట్లు మీతో మాట్లాడతాయి కదండీ?"

"ఆయ్."

"మీరూ వాటికి జవాబు చెబుతారు కదండీ?"

"ఆయ్." ఈసారి పీఏ కనకరాజు కూడా అన్నాడు.

ఎమ్మెల్యే గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. కనకరాజును దగ్గరకు పిలిచారు.

"మన ఎలక్షన్ సర్వే ఎవరు చేసేర్రా?"

"ఈ సర్వే చేసిన కుర్రాళ్లేనండి."

"ఏమని అడిగేరు?"

"ఈసారీ రాజుగారే కదండీ అని."

"జనం ఏమన్నారు?"

కనకరాజు నోరు తెరిచేలోపే జవాబు వరండాలోంచి వచ్చింది.

"ఆయ్."

గురువారం ఆసుపత్రికి ఫ్లెక్సీలు రాలేదు. గంగబాబు వచ్చాడు. మాట్లాడి వెళ్లాడు. అతని తరువాత బయట బల్ల మీంచి లేచి లోపలికి వచ్చిన మనిషి మాస్కు తీశారు. సుబ్బరాజు గారు.

శారోన్ కుర్చీ చూపించింది. సర్వేలో ప్రశ్నే అడిగింది.

"మీ మనసు బాగానే ఉంది కదండీ?"

"లేదండి," అన్నారు ఎమ్మెల్యే గారు.