అరవై మెట్ల దండయాత్ర

పదకొండు గంటలలోగా నెరవేర్చవలసిన మహాకార్యములివి: విజయవాడకు పంపవలసిన నివేదికపై సంతకము చేయించుట, పత్తికొండ రైతుల అర్జీలు కట్టలు కట్టుట, మంచినీళ్ల క్యాను మార్పించుట, పిమ్మట ఒక్క నిమిషములో, నడుమ ఎక్కడనూ ఆగక, అరవై మెట్లెక్కుట.

మొదటి మూడును ముగిసెను.

వైశాఖమార్తాండప్రచండకిరణతప్తమై కర్నూలు పట్టణము పెనమువలె కాగుచుండగా, మూడంతస్తుల కచేరి సోపానపాదమున నిలిచెను, ఇరువది రెండేండ్లు కుర్చీ విడువని స్థిరాసనుడు, సీనియర్ అసిస్టెంటు నరసన్న. నాయన ఈ యీడుననే గుండె ఆగి పోయినాడు. ఆ తలపు వచ్చినప్పుడెల్ల ఆయన చేయి చొక్కా జేబు మీదికి పోవును. పరీక్షలన్నీ చేసి డాక్టర్ శ్రీవిద్య చెప్పినదొకటే: "దినానికి మూడు మార్లు, ఒక్కొక్క నిమిషం, రొప్పొచ్చేంత బిరబిరా ఎక్కల్ల. నడాన నిలబడితే గుండెకు పని పడదప్పా."

మూడు దినములు వరుసగా ఓడెను. శత్రువు మెట్లు గాదు, మోకాళ్లు గాదు, సీమ మర్యాద! ఎదురైనవారు "తింటివా?" అనగా నిలిచి పలుకవలెను, తిరిగి అడుగవలెను, వారింటి కూర యేదో వినవలెను.

చీపురు పట్టిన జ్ఞానమణి నవ్వెను. "ఏం సారూ, మూడు దినాలాయ చూస్తాండా. ఈడ ఉరుకుతారు, ఆడ కూరల ముచ్చట పెడతారు!"

"ఓ సమ్మార్జనీధారిణీ! పలుకరింపులనెడు శరపరంపర నన్ను కట్టివేయుచున్నది. పలుకక పోతినా, నరసన్నకు పొగరెక్కెనందురు. పలికి నిలిచితినా, నాయన దారియే నాదియును!"

ఆమె నవ్వు ఆగెను. "మీరు ఉరకండి సార్. పలికేది నేను పలుకుతా."

ఉరికెను! మొదటి మలుపున శ్రీనివాసులు "తింటివా నరసన్నా?" అని బాణమేయగా, క్రిందినుండి చీపురు ధ్వజముగా నెత్తి జ్ఞానమణి గర్జించెను: "తిన్న్యాడు! ఉగ్గాని! జరుగప్పా!" రెండవ అంతస్తున పెద్దసుబ్బయ్య చేతులు చాచి "మధ్యాహ్నానికి ఏం కూరబ్బా?" అని అడ్డగించెను. "వంకాయ! మీది రేపు చెబ్దురు, దారీండి!"

రొప్పు సముద్రఘోషమయ్యెను. గుండె రణదుందుభియై మ్రోగెను. యాబదియారవ మెట్టున, అయ్యో, సాక్షాత్తు ఆఫీసరు తేజేశ్వర్ దిగివచ్చుచు, "ఏమప్పా నరసన్నా, తింటివా?" అనెను.

ఆఫీసరుకు బదులు పలుకుటకు ఊడ్చెడి యామెకు ఎన్ని గుండెలు కావలెను! నరసన్న పాదము గాలిలో తడబడెను.

"తిన్న్యాడు సార్! మీరు తింటిరా?"

మర్యాదాపాశబద్ధుడై ఆఫీసరు ఠక్కున నిలిచెను. "ఆఁ... తింటి. రెండు ఇడ్లీలు. చట్నీలో ఉప్పు శానా ఎక్కువుండాది" అని క్రిందికి వంగి విన్నవించుచుండగా, ఆయన ప్రక్కనుండి నరసన్న మెరుపై దూసికొని పోయెను!

యాబదియెనిమిది సెకండ్లు! అరవైయవ మెట్టున గోడను కౌగిలించుకొని, నాయన చూడని ఆయాసమును నోరార పీల్చుచు, సీమ గెలిచినంత నవ్వు నవ్వెను.

మెట్లెక్కెడి పాఠకులారా! మీకును ఊపిరి అందిన పిమ్మట ఒక్కమారు జ్ఞానమణిని తలచుకొనుడు. ఆ దినము ఆమెను మాత్రము, తింటివా అని యెవరునూ అడుగలేదు.