కంప్యూటర్‌తో పాటు లేచే దగ్గు

కొత్తావిడ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి లైబ్రరీ తలుపు తియ్యాలి, కంప్యూటర్ వెయ్యాలి, పదకొండింటికి వచ్చే తనిఖీ అధికారి ఏ పుస్తకం అడిగినా అది ఏ బీరువాలో ఉందో తడుముకోకుండా చెప్పాలి. అంతే. ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నా ఆమెను అందరూ ఇంకా కొత్తావిడ అనే అంటారు. నలభై ఏళ్ళు ఒకే మనిషి కూర్చున్న కుర్చీలో ఎనిమిది నెలలు ఒక లెక్కా?

తనిఖీ అంటే మామూలు తనిఖీ కాదు. పాఠకులు ముప్ఫై మందికి తగ్గినా, లోపల లైబ్రరీ లక్షణం కనిపించకపోయినా ఈ శాఖను మూసేస్తామని వారం కిందటే ఉత్తరం వచ్చింది. రోజూ వచ్చేవాళ్ళను వేళ్ళు మడిచి లెక్కపెడితే పద్దెనిమిది మంది. ఆమె ఇదివరకు చేసిన రెండు ఉద్యోగాలూ ఆ ఆఫీసులు మూతపడే పోయాయి. ఇదీ పోతే, ‘మా కోడలు అడుగుపెట్టిన చోటల్లా తాళమే’ అని ఇప్పుడు సగం గొంతుతో అంటున్న అత్తగారు రేపు నిండు గొంతుతో అంటారు. ఆ భయంతో ఆమెకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ఇక ఆ కంప్యూటర్. నిద్రలేవడానికి దానికి అరగంట కావాలి. లేస్తూ లేస్తూ ఊరందర్నీ లేపుతుంది. ఒక ప్రోగ్రామ్ వాతావరణం చెబుతానంటుంది, ఒకటి పాటలు పెడతానంటుంది, మరొకటి ఎప్పుడో తూకానికి అమ్మేసిన ప్రింటర్ కోసం పాపం రోజూ వెతుకుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ దగ్గు ఒక ఎత్తు. సరిగ్గా తొమ్మిదిన్నరకు, చివరి వరసలో, వెలుతురు సరిగా పడని బీరువా వెనకనుంచి ఎవరో దగ్గుతారు. ఒక్కోసారి ఒంటి దగ్గు, ఒక్కోసారి జంట దగ్గు, ఒక్కోసారి గొంతులో కంకర దొర్లినట్టు పొడుగాటి దగ్గు. అది వినబడగానే పేపరు తిప్పే చేతులు గాల్లోనే ఆగిపోతాయి. కునికేవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. గడువు దాటిన పుస్తకాలు ఇళ్ళలో దాచుకున్నవాళ్ళు మర్నాడే తెచ్చి, బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు.

కొత్తావిడ ఒకటి రెండుసార్లు వెళ్ళి చూసింది. ఖాళీ కుర్చీ. పాపం, ఎవరో మొహమాటస్థుడు, దగ్గేసి సిగ్గుపడి పక్క గదిలోకి జారుకుంటున్నాడనుకుంది. జాలిపడి, ఆ కుర్చీ పక్కన ఒక దగ్గుమందు సీసా, చెంచా పెట్టింది. పద్దెనిమిది మంది పాఠకులూ అది చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సీసాలో మందు మాత్రం రోజూ కొంచెం తగ్గేది.

ఆమెకు తెలియనిదేమిటంటే, ఇప్పుడు తను కూర్చునే కుర్చీలో నలభై ఏళ్ళు కూర్చున్న పాత లైబ్రేరియన్, అందరూ దగ్గు మాస్టారనే ఆయన, ఒక్కనాడు కూడా ‘నిశ్శబ్దం’ అని నోటితో అనలేదు. దగ్గేవారు, అంతే. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పాఠకులకు తెలియనిదేమిటంటే, ఈ సంగతి ఆమెకు తెలియదని. ‘ఆవిడది గుండె కాదు, బండరాయి’ అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవారు.

ఆ ఉదయం ఆమె కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఇవాళ కూడా ఇది అరగంట తింటే నా కొంప మునిగినట్టే.”

“దాంతోపాటు లేచేవాటిని ఆపెయ్ అక్కా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కు. స్టార్టప్ అని ఉంటుంది చూడు. అక్కర్లేనిదాని మీద కుడి మీట నొక్కి డిసేబుల్ అను.”

“అమ్మో, పద్నాలుగు ఉన్నాయిరా!”

“ఒక్కోటీ చదువుకుంటూ ఆపు. ఏమిటో తెలియనిదాని జోలికి మాత్రం పోకు.”

ఈ చివరి మాట బల్ల మీద పడి ఉన్న ఫోన్‌కు వినబడింది గానీ ఆమెకు వినబడలేదు. చీపురు పట్టిన ఉత్సాహంతో ఆమె పదమూడింటిని ఊడ్చేసింది. పద్నాలుగోదానికి పేరూ లేదు, తయారుచేసినవాళ్ళ ఊసూ లేదు. పేరూ ఊరూ లేనిదానికి ఇక్కడేం పని అని దాన్నీ ఆపేసింది. కంప్యూటర్‌ను మళ్ళీ వేస్తే మూడు నిమిషాల్లో లేచి కూర్చుంది. “ఇన్నాళ్ళూ ఈ బుద్ధి నాకెందుకు లేకపోయిందో!” అని మురిసిపోయింది పిచ్చితల్లి.

తొమ్మిదిన్నరయింది. దగ్గు రాలేదు. గోడ గడియారం చప్పుడు వినిపించడం మొదలైంది. పద్దెనిమిది తలలూ నెమ్మదిగా లేచి చివరి వరస వైపు తిరిగాయి. పావుతక్కువ పదయింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన తాతగారు చదువుతున్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, లేచి నిలబడ్డారు.

“వెళ్ళిపోయారు,” అన్నారు.

“ఎవరండీ?”

“మాస్టారమ్మా. చచ్చిపోయినా ఎనిమిది నెలలు మమ్మల్ని కనిపెట్టుకునే ఉన్నారు. ఇవాళ నిజంగా పోయారు.”

కొత్తావిడ చివరి వరస వైపు వేలు చూపించింది. “అంటే, అక్కడ దగ్గేది...”

“అదేమిటమ్మా, కొత్తగా అడుగుతారు? మందు సీసా పెట్టింది మీరేగా!”

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళూ పోయిన మనిషికి చెంచాతో సహా మందు పెట్టానా? కుర్చీలో కూలబడింది, అది ఎవరి కుర్చీయో గుర్తొచ్చి మళ్ళీ లేచింది.

పద్దెనిమిది మందీ రెండు నిమిషాలు మౌనం పాటించారు. మూడో నిమిషంలో ఒకాయన ఏడ్చాడు. నాలుగో నిమిషంలో మాటలు మొదలయ్యాయి. నలభై ఏళ్ళుగా గొంతుల్లో దాచుకున్న మాటలు కదా, అంత తొందరగా తరుగుతాయా? తాతగారు తట్టుకోలేక మెట్ల మీదకు వచ్చి కళ్ళొత్తుకుంటుంటే, ఎదురు కొట్లో పెన్నులూ కాగితాలూ అమ్మే ఆయన పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది తాతగారూ?”

“పోయారయ్యా. లైబ్రరీ బోసిపోయింది.”

కొట్టు యజమాని లెక్కల్లో మొనగాడు. మాస్టారు పోయి ఎనిమిది నెలలైంది. ఒకసారి పోయిన మనిషి మళ్ళీ పోడు. ఇప్పుడు పోవడానికి లైబ్రరీలో మిగిలింది ఒక్కరే. అయ్యో, నిన్న సాయంత్రం కూడా జిగురు సీసా కొనుక్కెళ్ళిందే! వెంటనే షట్టరు సగానికి దించి, వీధి మొత్తానికి చెప్పి, ఆమె భర్త నడిపే బస్సులో కండక్టరుకు ఫోన్ చేశాడు.

లోపల కొత్తావిడకు ఇదేమీ తెలియదు. దగ్గు ఆగింది తను ఆ పద్నాలుగోదాన్ని ఆపిన రోజేనని తట్టి, తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసి, అతను చెప్పినట్టు ఆ పేరులేని ప్రోగ్రామ్ ఎక్కడుందో వెతికి తెరిచింది. మూడు ఫైళ్ళు: ఒంటి దగ్గు, జంట దగ్గు, పొడుగు దగ్గు. కింద మాస్టారు టైపు చేసిన ముక్క: ‘గొంతు ఆపరేషన్ తర్వాత దగ్గకూడదన్నారు. ముందే రికార్డు చేసి పెట్టుకుంటున్నాను.’ చివరి బీరువా పైన చేతికందని చోట ఒక స్పీకరు దుమ్ము కొట్టుకుని ఉంది. దయ్యం కాదని తెలిసి ఆమె గుండె కుదుటపడింది గానీ, మరి మందు తాగిందెవరో ఆలోచించేలోపే మరో భయం పట్టుకుంది. హాల్లో గోల గోలగా ఉంది, టైము పదిన్నర.

“ఒరేయ్, దీన్ని మళ్ళీ లేపాలిరా!”

“ఎనేబుల్ అని, రీస్టార్ట్ చెయ్.”

చేసింది. ‘అప్‌డేట్ జరుగుతోంది, పన్నెండు శాతం, ఆపకండి’ అంది కంప్యూటర్.

“అయితే ఇంక దేవుడే దిక్కు,” అన్నాడు తమ్ముడు.

ఈలోగా జనం రావడం మొదలైంది. వీధిలోని వాళ్ళు తెల్లపూలు పట్టుకుని తలలు వంచుకుని లోపలికి వస్తున్నారు. బల్ల వెనక ఆమెను చూసి కొందరు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు, కొందరు వెనక్కి నడవబోయి వెనకవాళ్ళ కాళ్ళు తొక్కారు. ఆమెకు మాత్రం పూలు తనిఖీ కోసం తెచ్చారేమో అనిపించింది.

“రండి, రండి, కూర్చోండి!” అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూసి ఇద్దరికి కళ్ళు తిరిగాయి.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా ఒక సిటీ బస్సు రూటు తప్పి వచ్చి లైబ్రరీ ముందు కీచుమని ఆగింది. డ్రైవరు దూకాడు. వెనక కండక్టరు, అతని వెనక మా గతేమిటని అరుస్తూ నలభై మంది ప్రయాణికులు.

“నువ్వు... ఉన్నావా?” అన్నాడు భర్త, గుమ్మం పట్టుకుని.

“ఎక్కడికి పోతాను? పదకొండింటికి తనిఖీ ఉంటే!”

ఆయన అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. తను పోతే ఈ మనిషి ఇంత ఏడుస్తాడని ఆమెకు తెలియదు. మనసు కరిగిపోయింది, కానీ కరగడానికి టైము లేదు. ఎందుకంటే ప్రయాణికుల్లోంచి చేతిలో ఫైలుతో, నలిగిన చొక్కాతో ఒకాయన ముందుకొచ్చాడు.

“తనిఖీకి వచ్చింది నేనే. ఇది లైబ్రరీయా, సంతా?”

ఒకరు ఏడుపు, ఒకరు నవ్వు, టిక్కెట్టు డబ్బులు తిరిగివ్వమని ఒకరు కండక్టరుతో తగాదా. పూల మీద కాలు జారి ఒకాయన బీరువాకు వేలాడుతున్నాడు. అధికారి పెన్ను మూత తీశాడు. కంప్యూటర్ ముప్ఫై ఒక్క శాతం అంది. మూడో ఉద్యోగమూ కొత్తావిడ కళ్ళ ముందే మూతపడుతోంది. అరిస్తే ఎవరికీ వినబడదు. మరి ఏం చెయ్యాలి?

ఎనిమిది నెలలు రోజూ విన్న దగ్గు. ఆమె నిటారుగా నిలబడి, కళ్ళు మూసుకుని, పొడుగ్గా దగ్గింది. కంకర దొర్లింది. అచ్చం అదే గొంతు ఆమె గొంతులోంచి రావడం చూసి ముందు ఆమే హడలిపోయింది.

హాలు గప్‌చిప్. పద్దెనిమిది మంది పాఠకులూ ఎక్కడివాళ్ళక్కడ కుర్చీల్లో పడ్డారు. వాళ్ళను చూసి వీధివాళ్ళు, వీధివాళ్ళను చూసి ప్రయాణికులు, చేతికందిన పుస్తకం తెరిచి తలలు దించుకున్నారు. భర్త వెక్కిళ్ళు మింగుకుని పిల్లల బొమ్మల పుస్తకం తెరిచాడు. అధికారి తనకు తెలియకుండానే చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద నడుస్తూ తలలు లెక్కపెట్టాడు.

‘పాఠకులు ఎనభై మూడు. క్రమశిక్షణ అసాధారణం. ఈ శాఖను కొనసాగించవలెను,’ అని రాసి, సంతకం పెట్టి, కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. కళ్ళు చెమర్చాయి.

ఆయన అలా బయటికి వెళ్ళగానే, పూలు తెచ్చినవాళ్ళ గుసగుసలు విన్న పోస్టాఫీసు తాతగారు చప్పుడు కాకుండా బల్ల దగ్గరికి వచ్చారు. చేతులు జోడించి, ఆమె మొహంలోకి చూడకుండా, చాలా మర్యాదగా అడిగారు.

“అడక్కూడదు గానీ, అమ్మా... మీరు పోయింది నిన్ననా, ఇవాళా?”