ఎర్ర కేప్ వెనక ముప్ఫై మంది

శుక్రవారం పొద్దున్న ఇమ్మాన్యుయేల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి డార్ట్‌మత్‌లోని ఆఫీసుకు వెళ్ళాలి. పదిన్నరకు అక్కడి బాత్రూములో బట్టలు మార్చుకోవాలి. పైన పొడుగాటి నల్ల కోటు కప్పుకుని ఫెర్రీ ఎక్కి, అవతలి గట్టున హాలిఫాక్స్‌లో దిగి, కొండ ఎక్కి, పదకొండున్నరకల్లా కూతురి క్లాసులో కోటు విప్పి నిలబడాలి. దారిలో ఎవరూ చూడకూడదు, ఎవరితోనూ మాట్లాడే పని పడకూడదు. చర్చిలో సైతం తలుపు పక్కన, చివరి బల్ల చివర కూర్చునే మనిషికి ఆ రెండో సంగతే ముఖ్యం.

ఇదంతా మూడు వారాల కిందట మొదలైంది. ఆరేళ్ళ ఎలీనా బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. పిల్లల అమ్మానాన్నలు వచ్చి తాము చేసే పని గురించి క్లాసుకు చెప్పాలట, అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చినా సంతోషమేనట. ఇమ్మాన్యుయేల్ పని చేపల కంటైనర్ల వెంట వెళ్ళే కాగితాలు సరిచూడటం. దాన్ని ఆరేళ్ళ పిల్లల ముందు ఎట్లా చెప్పాలా అని అతను తల పట్టుకుంటే, ఎలీనా బిస్కెట్ నములుతూ, "ఐ టోల్డ్ దెమ్ యు ఆర్ ఎ సూపర్ హీరో," అనేసి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది.

భార్యాభర్తలు వంటింట్లో గొంతులు తగ్గించుకుని సమావేశమయ్యారు. బాలకుమారి ఆసుపత్రిలో నర్సు. ఏ సమస్యకైనా ఏదో ఒక చికిత్స ఉండి తీరుతుందని నమ్మే మనిషి.

"పిల్ల క్లాసంతటికీ చెప్పేసిందండీ. మీరు చొక్కా టక్ చేసుకుని వెళ్ళి ఇన్‌వాయిస్‌ల గురించి మొదలెడితే దాని మొహం ఏం కావాలి?"

"మరేం చెయ్యమంటావు?"

"కుట్టండి. దానికి మాత్రం చెప్పొద్దు, సర్‌ప్రైజ్‌గా ఉంటుంది."

ఆ ఇంట్లో కుట్టుపని ఇమ్మాన్యుయేల్‌దే. నరసాపురంలో అతని తల్లి మిషను కుట్టేది. ఆడపిల్లలు లేకపోవడంతో కాజాలూ హెమ్మింగూ కొడుక్కి అప్పజెప్పేది. అప్పుడు సిగ్గుపడి దాచుకున్న విద్య ఇప్పుడు అక్కరకొచ్చింది. ఎలీనా ఈత క్లాసుకు వెళ్ళిన గంటల్లో అతను నీలం సాగుడు గుడ్డతో ఒంటికి అతుక్కునే చొక్కా, పంట్లాం కుట్టాడు. పాత ఎర్ర కర్టెన్‌ను కత్తిరించి, అంచు మడిచి, మోకాళ్ళు దాటే కేప్ చేశాడు. సూపర్ హీరోలు లోపల వేసుకునేది పైన వేసుకుంటారని బాలకుమారి గుర్తు చేసింది గానీ, దానికి అతను ససేమిరా అన్నాడు. చివరికి పసుపు బెల్టుతో రాజీ కుదిరింది. గుండె మీద కూతురి పేరులోని మొదటి అక్షరం, ఆకుపచ్చ గుడ్డతో జానెడు పొడుగున, గుండ్రంగా, తెలుగు 'ఎ' కుట్టాడు. నల్ల మాస్కు కూడా బాగానే కుదిరింది, కానీ కళ్ళజోడు మీద కూర్చోనంది. రెండిట్లో ఒకటే పెట్టుకోగలడు కనుక ఆ ఒక్క పూటకు కళ్ళజోడు ఆఫీసు సొరుగులో ఉంచుదామనుకున్నాడు.

శుక్రవారం ఇంటి నుంచి బయల్దేరే ముందు ఎలీనా అతని వేలు పట్టుకుని, బడికి వచ్చేటప్పుడు బ్రౌన్ స్వెటర్ వేసుకు రమ్మని రెండుసార్లు చెప్పింది. నాన్న ఇబ్బంది పడతాడని పాపం పిల్ల తన ఆశ దాచుకుంటోందనుకుని ఇమ్మాన్యుయేల్ గుండె నీరైపోయింది.

ఫెర్రీ దాకా అంతా ప్లాను ప్రకారమే జరిగింది. అక్టోబరు గాలి నీళ్ళ మీంచి కోసేస్తోంది. జనం లోపల కూర్చున్నారు. ఇమ్మాన్యుయేల్ ఎవరి కంటా పడకుండా బయటి డెక్కు మీద ఒక మూలకు చేరాడు. అక్కడ మరో మనిషున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. పెద్ద తెల్ల మీసాలు, తెల్ల చొక్కా, పంచె, కాళ్ళకు మాత్రం ఎవరివో రన్నింగ్ బూట్లు. రెయిలింగు పట్టుకుని పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతున్నాడు.

ఇమ్మాన్యుయేల్ కాసేపు నీళ్ళను చూశాడు. కాసేపు ఆకాశాన్ని చూశాడు. ఎటు చూసినా ఆ పళ్ళ చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. చివరికి దగ్గరికి వెళ్ళి, కోటు విప్పి, ముసలాయన భుజాల మీద కప్పాడు. విప్పాక గానీ లోపల తనేం వేసుకున్నాడో గుర్తు రాలేదు. గాలి ఒక్క విసురున కేప్‌ను ఎత్తి జెండాలా నిలబెట్టింది.

ముసలాయన మాస్కు వైపు చూడలేదు, కేప్ వైపూ చూడలేదు. గుండె మీది అక్షరం మీద వేలు పెట్టాడు.

"బిడ్డా, ఇది 'ఎ' నే గదా?"

"అవునండి."

"తెలుగోనివి." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పొద్దుగాల్నించి ఒక్కడు దొరకలే."

ఆయన పేరు కొమరయ్య. జగిత్యాల దగ్గరి ఊరు. కూతురు చరిత దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి ఇరవై రోజులైంది. ఆమె ఆఫీసుకు వెళ్ళాక నాలుగడుగులు వేద్దామని బయటికొస్తే తలుపుకు దానంతటదే తాళం పడిపోయింది. ఫోను లోపల చార్జింగులో ఉంది. జనమంతా ఎటో పోతుంటే వెంట నడిచి పడవెక్కాడు. అప్పటి నుంచి ఇది నాలుగో ట్రిప్పు. ఏ గట్టు తనదో తెలియక దిగడం లేదు. కూతురి నంబరు నోటికి రాదు. ఇంటి గుర్తు మాత్రం ఒకటి చెప్పాడు, కిటికీలోంచి కొండ మీద పెద్ద గడియారం కనబడుతుందట.

గడియారం ఉన్నది హాలిఫాక్స్ గట్టునే. కానీ ఆ కొండ చుట్టూ గడియారం కనబడే కిటికీలు వెయ్యి ఉంటాయి. ఇమ్మాన్యుయేల్ ఫోను తీసి, ఇద్దరూ కనిపించేలా ఫొటో తీసి, ఊళ్ళోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కళ్ళజోడు లేని చూపుతో, 'ఈ పెద్దాయన ఎవరి తాలూకు? దయచేసి చెప్పండి' అని తడుముకుంటూ టైపు చేశాడు. రెండు నిమిషాల్లో ఇరవై ఆరు జవాబులొచ్చాయి. కేప్ అదిరిందన్నారు. ఎక్కడ కొన్నావన్నారు. హాలోవీన్ వేషాలకు ఇంకా టైముంది కదన్నా అన్నారు. సుప్రజ అనే ఆవిడ తన కొడుక్కి ఒకటి కుట్టి పెడతావా అని కొలతలు కూడా పంపింది. పెద్దాయన సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఫెర్రీ గట్టుకు చేరింది. తాళ్ళు కట్టే మనిషి అతని గుండె వైపు వేలు చూపి, అది నత్త బొమ్మా అని అడిగాడు. వివరంగా చెప్పాలంటే మాట్లాడాల్సి వస్తుందని ఇమ్మాన్యుయేల్ యెస్ అనేశాడు. టైము పదకొండూ పది. పెద్దాయనను అక్కడ వదలలేడు. ఇల్లు వెతికే వేళ కాదు. బడికి వెంటబెట్టుకుపోయి తరవాత వెతుకుదామని తేల్చుకుని, ఆయన చెయ్యి పట్టుకుని కొండదారి పట్టాడు.

ఆ రోజు రేవులో ఒక పెద్ద టూరిస్టు ఓడ ఆగి ఉంది. అందులోంచి దిగిన ముప్ఫై మంది పెద్దవాళ్ళు ఫెర్రీ స్టేషను ముందు నిలబడి ఉన్నారు. ఎర్రజెండా వెంట నడవండి, తప్పిపోరు అని గైడు వాళ్ళకు గట్టిగా చెప్పింది. చెప్పి, కాఫీ కోసం లైనులో నిలబడింది. అదే సమయంలో వాళ్ళ కళ్ళ ముందు నుంచి ఒక ఎర్ర గుడ్డ రెపరెపలాడుతూ కొండ ఎక్కసాగింది. చెప్పిన మాట వినే తరం వాళ్ళది. కర్రలు తీసుకుని వెనకే బయల్దేరారు.

సగం కొండ ఎక్కాక కొమరయ్య వెనక్కి తిరిగి చూశాడు. "బిడ్డా, మనెంబడి పెద్ద ఊరేగింపే వస్తుంది."

ఇమ్మాన్యుయేల్‌కు వెనక రంగురంగుల మసక తప్ప ఏమీ కనబడలేదు. లంచి వేళ జనమయి ఉంటారనుకుని అడుగు పెంచాడు. ఊరేగింపూ పెంచింది. ఊపిరందక అతను ఆగితే అదీ ఆగింది. కొమరయ్యకు దూరాన గడియారం కనబడింది. సంతోషం పట్టలేక చెయ్యెత్తి, "అగో, గదే మా గడియారం," అన్నాడు. ముప్ఫై తలలు అటు తిరిగాయి. కెమెరాలు క్లిక్కుమన్నాయి. అక్కణ్ణించి బడి వరకు కొమరయ్య చెట్టును చూపినా, చెత్తబుట్టను చూపినా ఫొటోలు తీస్తూనే వచ్చారు.

బడి ఆఫీసులో కూర్చున్నావిడ జాబితాలో ఇమ్మాన్యుయేల్ పేరు చూసుకుంది. తరవాత అతని భుజాల మీదుగా చూసి, వీళ్ళంతా మీతోనేనా అని అడిగింది. తమ ఇద్దరి సంగతే అడుగుతోందనుకుని అతను తలూపాడు. కెనడాలో కుటుంబాలు చిన్నవని, ఇండియాలో పెద్దవని ఆవిడ ఎక్కడో విని ఉంది. అమ్మమ్మలకూ తాతయ్యలకూ స్వాగతమని కాగితంలో రాసింది కూడా ఆవిడే. నోరెత్తకుండా ముప్ఫై రెండు విజిటర్ స్టిక్కర్లు రాసి అంటించింది.

క్లాసు తలుపు తెరుచుకుంది. ఇమ్మాన్యుయేల్ గుండె నిండా గాలి పీల్చుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ భంగిమను మూడు వారాలు అద్దం ముందు ప్రాక్టీసు చేశాడు. పిల్లలు నోళ్ళు తెరిచారు. వాళ్ళలో ఎలీనా ఎక్కడుందో కనిపించక అతను మాస్కు తీసి కళ్ళు చిట్లించాడు.

ఆమె రెండో వరసలో ఉంది. కింది పెదవి వణుకుతోంది.

"డాడీ," అంది చాలా మెల్లగా. "యు వర్ సపోజ్డ్ టు బి సీక్రెట్."

అప్పుడు గానీ విషయం బయటపడలేదు. ఎలీనా క్లాసుకు చెప్పింది వేరు. మా నాన్న రహస్య సూపర్ హీరో, చూస్తే అస్సలు తెలియదు, బ్రౌన్ స్వెటర్ వేసుకుంటాడు, చేపల కాగితాలు చూస్తానంటాడు, ఎవరికీ అనుమానం రాదు అని చెప్పింది. వచ్చి మామూలుగా నిలబడితే చాలు, ఎంత బాగా దాచుకున్నాడో అందరూ చూసేవాళ్ళు. మామూలుగా ఉండటంలో ఇమ్మాన్యుయేల్‌ను మించినవాడు హాలిఫాక్స్‌లో లేడు. తనకు బాగా వచ్చిన ఆ ఒక్క పనీ మానుకుని అతను కర్టెన్ కట్టుకుని వచ్చాడు.

అతను తను ఏ హీరోనూ కాదని, కేప్ ఇంట్లో కుట్టుకున్నదని, చేపల కంపెనీ గుమాస్తానని తడబడుతూ చెప్పాడు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలలూపారు. నిజమైన హీరోలు ఒప్పుకోరని వాళ్ళకు తెలుసు. ఎలీనా కళ్ళల్లోంచి మొదటి చుక్క రాలింది.

పిల్ల ఏడవడం చూసి కొమరయ్య ఉండబట్టలేకపోయాడు. నల్ల కోటు సర్దుకుని ముందుకొచ్చి, జగిత్యాల పంచాయతీలో నిలబడ్డట్టు నిలబడి తెలుగులో మొదలుపెట్టాడు. టీచరు బిత్తరపోయింది. ఎవరైనా అనువాదం చేయగలరా అని అడిగింది. ఇంట్లో తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పే ఎలీనా, చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది.

"పిల్లలూ, నేను పొద్దుగాల తొవ్వ దప్పిన," అన్నాడు కొమరయ్య. "పడవల నాలుగు మాట్ల అటిటు తిరిగిన. నన్ను దించేటోడే లేకపాయె."

ఎలీనా ఒక్క క్షణం ఆలోచించింది. ఈయన ఈ ఉదయమే నాలుగుసార్లు సముద్రం దాటాడని, ఆయనను ఎవరూ ఆపలేకపోయారని ఇంగ్లీషులో చెప్పింది. క్లాసు ఊపిరి బిగబట్టింది.

"ఈ పిలగాడే తన కోటు నాకు తొడిగిండు. చెయ్యి వట్టుకొని తోలుకచ్చిండు."

మా నాన్న ఈయన కోటు చూసుకుంటాడని, ఎటు వెళ్ళాలంటే అటు వెంట వెళ్తాడని ఎలీనా చెప్పింది. అందరూ మెరిసే బట్టల వైపు చూస్తారు కదా, అసలు హీరోను ఎవరూ చూడకుండా ఉండటానికే నాన్న ఈ బట్టలు వేసుకున్నాడని కూడా కలిపింది. ఆ చివరి వాక్యానికి మూలం కొమరయ్య నోట ఎక్కడా లేదు. మిగతా రెండూ తెలుగు సరిగ్గా రాక అలా చెప్పిందో, బాగా వచ్చే చెప్పిందో ఇమ్మాన్యుయేల్‌కు ఇప్పటికీ తెలియదు.

ఇరవై రెండు మంది పిల్లలు తెల్ల మీసాల వైపు తిరిగారు. వెనక నిలబడ్డ టూరిస్టులు ఇది టికెట్టులో కలిసున్న కార్యక్రమమనుకుని చప్పట్లు కొట్టారు. కొమరయ్యకు ఎందుకో తెలియకపోయినా రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. అంతలో గైడు రొప్పుతూ జెండాతో సహా వచ్చింది. ఆమె వెనకే, వాట్సాప్ గ్రూపులో డెబ్భై నాలుగో జవాబు దగ్గర తండ్రిని గుర్తుపట్టి, బాలకుమారికి ఫోన్ చేసి బడి కనుక్కున్న చరిత వచ్చింది. నాన్నను పట్టుకుని ఏడ్చి, ఆయన ఒంటి మీది కోటూ చుట్టూ పిల్లలూ చూసి నవ్వి, మళ్ళీ ఏడ్చింది. కొమరయ్య మాత్రం ఆటోగ్రాఫులు పెడుతూ తలెత్తలేదు.

ఇమ్మాన్యుయేల్ గోడ వారగా, తలుపు దగ్గరికి జరిగి నిలబడ్డాడు. ఎవరూ అతని వైపు చూడటం లేదు. ఎలీనా మెల్లగా వచ్చి వేలు పట్టుకుని కిందికి లాగింది. అతను వంగాడు. క్లాసులో ఎవరికీ అర్థం కాకూడదని కాబోలు, ఆమె అతని చెవిలో తెలుగులో చెప్పింది.

"ఇంక నీ మీద ఎవరికీ డౌట్ రాదు డాడీ."

అతను ఆమెను ఎత్తుకున్నాడు.

సోమవారం క్లాసంతా కలిసి గీసిన థాంక్యూ కార్డు ఇంటికొచ్చింది. అందులో తెల్ల మీసాల మనిషొకడు సముద్రం మీద ఎగురుతున్నాడు. కింద మూలన నీలం బట్టలాయన బస్సు కోసం నిలబడి ఉన్నాడు.