భోజనాల బల్ల దగ్గర ఆరో కుర్చీ

"ఇవాళ ఈ ఇంట్లో ఏదో ఒకటి జరుగుతుంది, రాసిపెట్టుకోండి," అంది ఆవిడ, టీ ఇంకా మరగకముందే.

అప్పటికి ఏమీ జరగలేదు. పై వాటావాళ్ళ కుళాయి ఎప్పటిలాగే మూలిగింది. భర్త గుమ్మం దగ్గర కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. బస్సు డిపోలో టైమ్‌కీపరు ఆయన. ఆ రోజు సెలవు. ఏం జరుగుతుందని ఆయన అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఒక్కసారే వేశాడు, పెళ్ళయిన కొత్తలో. జవాబు ఉదయం మొదలై మధ్యాహ్నం దాకా సాగింది.

అడగకపోయినా ఆవిడ చెప్పింది. పదకొండింటికి రాబోయే పెద్దాయన మెట్లమీద జారిపడొచ్చు. పడకుండా పైకొస్తే మూడో గదిలో అడుగుపెట్టగానే గుండె పట్టుకోవచ్చు. అప్పుడు పోలీసులొస్తారు. వచ్చి, బల్ల చుట్టూ కూర్చున్న ఈ ఐదుగురూ ఎవరమ్మా అని అడిగితే ఏం చెప్పాలి?

ఐదుగురూ బొమ్మలే. ఊరి చివర మూతబడిన వినోదాల పార్కు తాలూకు వస్తువులు పోగుచెయ్యడం వాళ్ళ అమ్మాయికి పిచ్చి. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిపెట్టే ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. మిగిలిన ఊపిరంతా ఆ పార్కుకే. చిరిగిన టికెట్లు, మడతలు విరిగిన మ్యాపులు, చెవులూడిన కాగితపు టోపీలు అన్నీ డబ్బాల్లో పేర్చి ఉంచింది. పార్కును పడగొట్టే రోజున మిగతా సేకరణదారులు రంగులరాట్నం గుర్రాల కోసం కొట్టుకుంటుంటే, ఈ పిల్ల మాత్రం భూతాల బంగళాలోని భోజనాల గదిని బల్లతో, కుర్చీలతో, దుమ్ముతో సహా ఇంటికి తెచ్చుకుంది. మైనపు ముఖాల తాతయ్య, మేనత్త, బాబాయి, ఇద్దరు కవలలు. కిటికీలకు మందపాటి తెరలు వేసి, మూడో గదిలో అచ్చం అక్కడున్నట్టే కూర్చోబెట్టింది. ఆరో కుర్చీ ఖాళీ. అది అమ్మది. పార్కువాళ్ళు అమ్మిన పాత ఫోటో కార్డులో ఆ కుర్చీలో నల్ల శాలువా కప్పుకున్న అమ్మ కనిపిస్తుంది. కార్డు దొరికింది, శాలువా దొరికింది, అమ్మ దొరకలేదు.

బంగళాను ఇరవై రెండేళ్ళు కనిపెట్టుకుని ఉన్న పెద్దాయనకు అమ్మాయి రెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తోంది. చివరికి జవాబొచ్చింది. అమ్మ కుర్చీకి సంబంధించింది ఒకటి తన దగ్గర మిగిలిందనీ, మిగతావాటిని ఎలా ఉంచారో కళ్ళారా చూశాక ఇవ్వాలో వద్దో చెబుతాననీ. ఆ ఉత్తరాన్ని అమ్మాయి ఎన్నిసార్లు చదువుకుందో, అన్నిసార్లూ ఆవిడకు లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. ఇంట్లో ఒక అమ్మ ఉండగా ఇంకో అమ్మ కోసం ఈ వెతుకులాట ఏమిటి?

పైకి అనలేదు. అనడానికి మాటలుండాలి కదా. కూతురు ఆవిడతో మాట్లాడి పదకొండు రోజులైంది. జబ్బులు వస్తాయన్న భయంతో ఆవిడ తాతయ్య గడ్డానికి షాంపూ పెట్టింది. ముప్ఫై ఏళ్ళ మసి గంటలో వదిలింది. తాతయ్య పెళ్ళికి బయల్దేరినవాడిలా తయారయ్యాడు. సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మాయి గడ్డం చూసింది, తల్లిని చూసింది, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తరువాత అన్నీ చీటీలే. ఇవాళ్టి చీటీ ఫ్రిజ్ మీద ఉంది: "గదిలోకి వెళ్ళొద్దు. దేన్నీ తుడవొద్దు. ఆయన వస్తే హాల్లో కూర్చోబెట్టండి. పదకొండుకల్లా వస్తా."

ఈ రాకడ సజావుగా సాగితే పిల్ల కోపం చల్లారుతుందని ఆవిడ ఆశ. ఒక్క మాట చాలు. విసుక్కున్నా చాలు.

తొమ్మిదిన్నరకు మూడో గదిలో ఎవరో బల్లమీద కొట్టారు. మూడుసార్లు, నిదానంగా.

ఆవిడ కుట్టుమిషను ఆపింది. ఏడో తరగతి దాటని చదువైనా ప్యాంట్లు పొట్టిచెయ్యడంలో, జిప్పులు మార్చడంలో ఆ వీధిలో ఆవిడకు సాటి లేదు. భర్త పేపరు కోసం కిందికి వెళ్ళాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. లేనప్పుడు కొట్టిందెవరు? దొంగా? లేకపోతే వైర్లు కాలుతున్నాయా? వైర్లు కాలితే చప్పుడవుతుందో లేదో ఆవిడకు తెలియదు, కానీ కాలుతూ ఉంటే చూడకుండా కూర్చుందన్న మాట జీవితమంతా పడాల్సింది తనే. తలుపు కాస్త తోసింది. తాతయ్య పిడికిలి బల్లమీద అప్పుడే వాలి ఇంకా సన్నగా వణుకుతోంది. బల్ల కింద ఎర్ర దీపం మినుకుమంటోంది. పెద్దాయనకు చూపించాలని అమ్మాయి పాత యంత్రాన్ని బాగుచేసి, పార్కులోలాగే అరగంటకోసారి కొట్టేలా పెట్టి వెళ్ళిందని ఆవిడకు అర్థమయ్యేసరికి ఆవిడ గది మధ్యకు వచ్చేసింది.

అప్పుడే వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు. కానీ బల్లగుడ్డ అంచు ఆరో కుర్చీ దగ్గర జానెడు చిరిగి వేలాడుతోంది. చిరుగు కనిపిస్తే ఆవిడ చేతులు ఆవిడ మాట వినవు. తుడవొద్దని రాసింది గానీ కుట్టొద్దని రాయలేదు కదా అనుకుంది. దారం ఎక్కించిన సూది ఎప్పుడూ స్వెటర్ మెడకే ఉంటుంది. ఆరో కుర్చీలో కూర్చుని, చీకట్లో, కళ్ళజోడు లేకుండా, వేళ్ళ గుర్తుతో కుట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా మేనత్త గాజుకళ్ళు తననే చూస్తున్నాయని తెలుసు కాబట్టి తల ఎత్తలేదు. కవలల్లో ఒకడు ఇందాకటికన్నా దగ్గరగా జరిగాడేమోనని అనుమానం వచ్చింది గానీ, ఆ అనుమానాన్ని కూడా కుట్టులోకి దించేసి చివర ముడి వేసి దారం కొరికింది.

లేవబోయింది. బల్లగుడ్డ కూడా లేచింది. పింగాణీ కంచాలు ఒకదానికొకటి తగిలి పళ్ళు కొరికినట్టు శబ్దం చేశాయి. ఎవరో మణికట్టు పట్టుకుని లాగినట్టయింది. తడిమి చూసుకుంటే తెలిసింది, పట్టుకున్నది తన కుట్టే. స్వెటర్ చేతి అంచు, బల్లగుడ్డ, రెండూ కలిపి కుట్టేసింది. వరసగా, సన్నగా, విడదియ్యడానికి వీల్లేనంత గట్టిగా. కత్తెర మిషను మీద ఉంది. లాగితే కంచాలు, గ్లాసులు, వాటి మీది ముప్ఫై ఏళ్ళ దుమ్ము అన్నీ నేలపాలు.

ఒంటిమీది స్వెటర్ విప్పేస్తే పోయేది. ఆ ఆలోచన వచ్చి, గుండీలమీద రెండో చెయ్యి వేసేలోపు హాల్లో మాటలు వినపడ్డాయి. పెద్దాయన గంట ముందే వచ్చేశాడు. భర్త ఆయన్ని కూర్చోమంటున్నాడు, ఆయన మాత్రం ముందు తన పిల్లల్ని, అంటే ఆ బొమ్మల్ని, చూస్తానంటున్నాడు. అడుగులు ఇటే వస్తున్నాయి.

వద్దన్న గదిలో, వద్దన్న రోజున, బల్లకు కుట్టుకుపోయి దొరికితే పిల్ల ఈ జన్మకు మాట్లాడుతుందా? ఆవిడ కుర్చీ వెనక వేలాడుతున్న నల్ల శాలువాను తలమీదుగా లాక్కుంది. దుమ్ము ముఖమంతా పిండిలా రాలింది. తుమ్మును పళ్ళతో పట్టుకుని కొయ్యబారిపోయింది.

తలుపు తెరుచుకుంది. పొడుగ్గా, సన్నగా, చేతులకు తెల్ల తొడుగులతో ఒకాయన, చంకలో పలకంత పొట్లం. వెనక భర్త. పెద్దాయన తాతయ్య గడ్డం చూసి కళ్ళు చిట్లించాడు. మేనత్తను, బాబాయిని, కవలల్ని వరసగా పలకరిస్తున్నట్టు చూస్తూ ఆరో కుర్చీ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"అక్కడ కూర్చున్నది ఎవరండీ?" అన్నాడు.

"అమ్మ బొమ్మ," అన్నాడు భర్త. నిన్నటిదాకా అది అక్కడ లేదనీ, పెద్దాయనే ముందుగా ఏ లారీలోనో పంపి ఉంటాడనీ ఆయన తనలో తనే లెక్కతేల్చుకున్నాడు. కాసేపు తలవంచి చూసి, "కాస్త మా ఆవిడ పోలిక ఉంది. కానీ ఈవిడ నెమ్మదస్తురాల్లా ఉంది," అని టీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.

ఆ మాటకు జవాబు ఆవిడ నాలుక చివర ఉంది. మింగింది.

గదిలో పెద్దాయన, ఐదుగురు, ఆవిడ. గడియారం పది కొట్టే వేళకు తాతయ్య పిడికిలి లేచి మూడుసార్లు బల్లను కొట్టింది. పెద్దాయన ఉలిక్కిపడలేదు, ఆ చప్పుడు ఆయనకు ఇంటి తలుపు చప్పుడంత అలవాటు. ఉలిక్కిపడనివాడి ముఖం అంతగా పాలిపోవడం చూసే ఆవిడకు భయం వేసింది. ఆయన రెండడుగులు ముందుకు వేసి, చాలా మర్యాదగా, లోగొంతుతో అడిగాడు.

"మీరెప్పుడొచ్చారమ్మా?"

చెబితే ఆయన అక్కడికక్కడే పడిపోతాడు. చెప్పకపోతే తన గుండె ఆగిపోతుంది. ఇద్దరిలో ఎవరు ముందో తేల్చుకోలేక ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆయన వెనక్కి వెనక్కి నడిచి, వీపు చూపకుండా గది దాటాడు. తలుపు తెరిచే ఉంది, స్వెటర్ విప్పబోతే హాల్లోకి కనిపిస్తుంది. ఆ తరువాత గంటసేపు హాల్లోంచి ఒక్క మాట లేదు. భర్త ఇచ్చిన టీ ఆయన ముట్టుకోలేదని కప్పు చప్పుడు లేకపోవడాన్ని బట్టి ఆవిడే గ్రహించింది. పదిన్నరకు తాతయ్య మళ్ళీ కొట్టాడు. కాలు తిమ్మిరెక్కింది. శాలువాలోంచి పాత గది వాసన వస్తోంది. ఈ శాలువా ముందు ఎవరు కప్పుకున్నారో, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో అన్న ఆలోచన వచ్చింది. ఇంత సేపు కదలకుండా కూర్చున్నాక మళ్ళీ కదలడం వస్తుందా అన్నది దాని వెనకే వచ్చింది.

పదకొండుకు అమ్మాయి గొంతు. ఆ వెంటనే పెద్దాయనది, గట్టిగా. "నీ ఉత్తరాలు చూసి, దొంగ బొమ్మలు పెట్టని మనిషివి నువ్వొక్కదానివే అనుకున్నానమ్మా. నే వెళ్తాను."

అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. దొంగ బొమ్మ ఎక్కడుందని అడిగింది. ఆరో కుర్చీలో అన్నాడాయన. అందులో ఎవరూ లేరంది. ఫోటో కార్డు చూపించి, ఉండాల్సిన అమ్మ కోసమే కదా మీకు రాసిందని గుర్తుచేసింది.

"కార్డులో ఉన్నది టికెట్లిచ్చే ఆవిడ. ఖాళీ కుర్చీ బాగోలేదని ఫోటో తీసేవాడు ఆ ఒక్కరోజు కూర్చోబెట్టాడు. అమ్మ బొమ్మని ఎవరూ చెయ్యలేదు. ఆ కుర్చీలో ఎప్పుడూ ఎవరూ లేరు."

అమ్మాయి చేతిలోని కార్డు వైపే చూస్తూ నిలబడింది. రెండేళ్ళు వెతికింది లేనిదాని కోసమని తెలిసినవాళ్ళు అలాగే నిలబడతారు. తరువాత ముగ్గురూ నెమ్మదిగా గది వైపు తిరిగారు. ఎవరూ చెయ్యని అమ్మ నల్ల శాలువాలో, బూడిదరంగు ముఖంతో, బల్ల దగ్గర కూర్చునే ఉంది.

ఆవిడ చూసింది. పెద్దాయన గుమ్మం దాటితే పిల్ల కల ఆయనతోనే పోతుంది. నోరు విప్పితే తను గదిలో ఉన్న సంగతి బయటపడి, ఆ పిల్ల నోటి మాట తనకు మిగలదు. ఒక్క క్షణమే తూచుకుంది. ఎదుటివాడి గుండె ఆగిపోకుండా చెప్పగలిగే మెత్తని మాట ఏదని వెతికితే ఇంటికొచ్చినవాళ్ళని అడిగేదొక్కటే దొరికింది.

"మంచినీళ్ళు తాగుతారా?" అంది, శాలువాలోంచి.

వంటింటి గుమ్మంలో రెండు కప్పులు పగిలాయి. పెద్దాయన గోడకు ఆనుకున్నాడు. "వద్దండీ," అన్నాడు.

అప్పుడు ఆవిడ తుమ్మింది. తుమ్ముతూనే అంతా చెప్పేసింది, చప్పుడు దగ్గర్నుంచి కుట్టు దాకా. గడ్డం సంగతి కూడా ఎవరూ అడక్కుండానే చెప్పింది. తప్పంతా తనదేననీ, పిల్ల ఒక్క దుమ్ము కణాన్ని కూడా కదపలేదనీ, కావాలంటే తనను ఇలాగే వదిలేసి మిగతావాటిని చూసుకోమనీ బతిమాలింది.

పెద్దాయన దగ్గరికొచ్చి ఆమె చేతి కింది కుట్టును, కదలని కంచాలను, వాటిమీద చెక్కుచెదరని దుమ్మును చూశాడు. గంటకు పైగా ఇలాగే ఉన్నారా అని అడిగాడు. అవునంది. పొట్లం విప్పి బల్లమీద పెట్టాడు. చిన్న చెక్క బోర్డు, రంగు వెలిసిన అక్షరాలు: "కూర్చోండి. అమ్మ ఇప్పుడే వస్తుంది."

బంగళాలో మిగతా అన్నింటికీ నవ్వినవాళ్ళు కూడా, ఖాళీ కుర్చీ ముందున్న ఆ బోర్డు చదివాక పరుగెత్తేవాళ్ళట. బొమ్మ కావాలన్న సేకరణదారులంతా, ఉన్నది బోర్డేనని తెలియగానే మొహం తిప్పుకుని వెళ్ళిపోయారట.

"ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున్నే దీన్ని తుడిచి పెట్టాను," అన్నాడాయన అమ్మాయితో. "అమ్మ వచ్చింది ఇవాళే. ఉంచుకో తల్లీ." భర్త తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగి, కుర్చీకి ఓ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అమ్మాయి బోర్డును రెండు చేతులా ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. మళ్ళీ బల్లమీద, అసలు ఉండాల్సిన చోట, తల్లి ముందు పెట్టింది. మాట్లాడలేదు. బల్లకు అవతల మోకాళ్ళమీద కూర్చుని కుట్టును ఓ పన్నును చూసినట్టు దగ్గర్నుంచి చూసింది.

"ఇంకా కోపమేనా?" అని అడిగింది తల్లి.

భర్త గుమ్మంలో కప్పు ముక్కలు ఏరడం మానేసి నిలబడ్డాడు. తాతయ్య పిడికిలి లేచి, మూడుసార్లు కొట్టి, దిగింది. మేనత్త చూస్తోంది. కవలలు వింటున్నారు. ఆవిడ మనసులో అప్పటికే ఇంకో పదకొండేళ్ళ మౌనం గడిచిపోయింది.

"బల్లగుడ్డని ముట్టుకోలేం అమ్మా," అంది అమ్మాయి చివరికి. "నీ స్వెటరే కత్తిరించాలి."