రెండు బసలూ, ఒక మూడో కొటేషనూ

నాగరిక ప్రపంచంలో మనిషి ఎలాగైనా అలిసిపోవచ్చు గానీ, ఎలా పడితే అలా విశ్రాంతి తీసుకోవడానికి వీల్లేదు. విశ్రాంతికి ముందు ఎంపిక జరగాలి, ఎంపికకు ముందు పోలిక జరగాలి, పోలికకు ముందు మూడు కొటేషన్లు రావాలి. ఈ చివరి మాట లోకమంతా ఒప్పుకోకపోవచ్చు. పైపుల కంపెనీలో కొనుగోళ్ల విభాగం చూసే ఒక పెద్దమనిషి మాత్రం ఒప్పుకున్నాడు, ఒప్పుకుని అందులోనే జుట్టు నెరిపించుకున్నాడు. ఆఫీసులో ఆయన్ని కొటేషన్ గారు అంటారు. (మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత మొహమ్మీదే అనడం మొదలుపెట్టారు. ఆయనకు అది బిరుదులాగే వినిపించింది.)

ఆ ఆఫీసులో చీపురు కొనాలన్నా మూడు చోట్ల ధర అడగాలి, తక్కువ చెప్పినవాడి దగ్గరే కొనాలి. ఎవరి దగ్గర కొనాలో ముందే అనుకుంటారనుకోండి, అది వేరే సంగతి. మూడోవాడు ఓడిపోవడానికే వస్తాడు. కాస్త ఎక్కువ రాసి పంపించవయ్యా అని వాడికి ఫోన్ చేస్తే, వాడు నవ్వుతూ రాసి పంపిస్తాడు. నొచ్చుకోడు. ఇంకోసారి ఇంకోడు ఓడతాడు. ఈ మర్యాద మీదే ఆ కంపెనీ నడుస్తోంది.

ఇలాంటి మనిషి ఇంట్లో, ఈసారి సెలవులకి థీమ్ పార్కుకి వెళ్దామని కూతురు పట్టుబట్టింది. భార్య కోరిక ఇంకా చిన్నది.

"నాకు పార్కూ వద్దు, రంగులరాట్నమూ వద్దు," అందావిడ. "నాలుగు రోజులు పొయ్యి మొహం చూడకుండా ఉంటే చాలండీ. పొద్దున లేచేసరికి ఎవరో ఒకరు వండింది నా ముందు పెట్టాలి. అంతకన్నా ఏమీ అడగను."

"అంతేనా? అదెంత పని!" అన్నాడు కొటేషన్ గారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు, పాపం.

బస చెయ్యడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి పార్కు లోపలే ఉన్న రిసార్టు. అక్కడ దిగినవాళ్లను జనం కన్నా ముందుగా గేట్లోంచి వదులుతారు, అంటే సెలవురోజు కూడా తెల్లారగట్లే లేచి పరిగెత్తే హక్కు వాళ్లకు దక్కుతుంది. తలుపు తాళంచెవి మీద పార్కు వాళ్ల గుర్తైన ఉడుత బొమ్మ, దిండు మీద ఉడుత బొమ్మ, బిల్లులో 'ఆనంద నిర్వహణ రుసుము' అని ఒక వరస. (ఆనందం కలగకపోయినా ఇది తిరిగి ఇవ్వబడదు.) అయితే ఏం, పొద్దున్నే టిఫిను వాళ్లదే.

రెండోది పార్కు పక్కనే ఉన్న సూట్ హోటలు. రెండు గదులు, మంచంగా మారే సోఫా. పార్కుకి 'నడిచి వెళ్లేంత దూరం' అని రాశారు, నడిచేది ఎవరో రాయలేదు. అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ, గదిలోనే వంటిల్లు.

"చూశావా! పొయ్యి, ఫ్రిజ్జు, గిన్నెలు, గరిటెలు, అన్నీ ఉన్నాయి!" అన్నాడాయన మురిసిపోతూ.

"మనింట్లోనూ ఉన్నాయండీ," అంది భార్య. "వాటి నుంచి పారిపోదామనే కదా ఈ గొడవంతా?"

ఆయన ఈ అభ్యంతరాన్ని సానుభూతితో విన్నాడు. విని, సూట్ హోటలుకి 'అదనపు సదుపాయం' కింద మార్కులు వేశాడు.

ఇక గదులు బుక్ చేసే యాప్ తెరిచారు. తెరవగానే అది కంగారుపడింది. ఈ గదిని ఇప్పుడే మరికొందరు చూస్తున్నారంది, త్వరపడమంది. ఆ మరికొందరెవరా అని విచారిస్తే, హాల్లో కూతురు, వంటింట్లో భార్య ఎవరి ఫోన్లో వాళ్లు అదే గది చూస్తున్నారని తేలింది. ఇంటిల్లిపాదీ ఒకరి మీద ఒకరు పోటీ పడి రేటు పెంచుకుంటున్నారన్నమాట. అందరూ ఫోన్లు పక్కన పెట్టండి అని ఆయన ఆదేశించాడు. యాప్ కాసేపు ఊరుకుని, మీరు మమ్మల్ని మరిచిపోయారా అని దిగులుగా అడిగింది.

అభిప్రాయాలు చదివాడు. రిసార్టులో దిగిన ఒకాయన స్వర్గంలా ఉందని మెచ్చుకుని, దుప్పటి పొట్టిగా ఉందని ఒకే ఒక్క చుక్క ఇచ్చాడు. సూట్ హోటలు గురించి ఒకావిడ అన్ని చుక్కలూ ఇచ్చి, లోపలికి వెళ్లలేదు గానీ బయటినుంచి బాగుందని రాసింది. ఇలాంటి ఆధారాల మీద పెద్ద పెద్ద నిర్ణయాలు జరుగుతుంటాయి.

చివరికి భార్య, "రిసార్టే తీసుకోండి, పుణ్యముంటుంది," అంది. కూతురూ అదే అంది. కొటేషన్ గారికీ లోపల అదే ఉంది. ఇంట్లో అందరూ ఒక్క మాట మీదికి రావడం చూసి ఆయనకే ఆశ్చర్యమేసింది. బుక్ చెయ్యబోయి ఆగిపోయాడు. చేతిలో రెండే కొటేషన్లున్నాయి.

"మూడోది లేకుండా ఎలా కొంటాం?" అన్నాడు.

"ఇదేం ఆఫీసా నాన్నా?" అంది కూతురు.

"పద్ధతి పద్ధతేనమ్మా. ఊరికే పేరుకి. ఎలాగూ కాదనేదేగా."

పేరుకి ఒకటి కావాలి గనక, ఆ పార్కుకి దగ్గర్లోనే ఉండే వాళ్ల అక్కకి ఫోన్ చేశాడు. ఆయన ఉద్యోగ జీవితంలో చేసిన ఒకే ఒక్క పొరపాటు ఇది.

"అక్కా, ఊరికే అడుగుతున్నా. మేం అటు వస్తే, మీ ఇంట్లో..."

"అడగాలట్రా వెధవా! మంచాలు హాల్లో వేయించేస్తున్నా. మీ బావగారు పరుపులు దించుతున్నారు. నా మరదలి చేతి వంట తిని ఎన్నాళ్లయిందో! అందరం కలిసి సరదాగా వండుకు తిందాం!"

ఓడిపోవడానికి వచ్చిన మూడోవాడు నవ్వుతూ తప్పుకోవాలన్న మర్యాద అక్కయ్యకి ఎవరూ చెప్పలేదు. పైగా ఆవిడ ఎక్కువ ధర రాసి పంపలేదు. అసలు ధరే చెప్పలేదు. నిబంధన ప్రకారం అంతకన్నా తక్కువ ఎవరూ చెప్పలేరు. కొటేషన్ గారు రెండు రోజులు తల పట్టుకు కూర్చుని, అక్క మనసు నొచ్చుకోకుండానూ పద్ధతి చెడకుండానూ ఉండే దారి ఒక్కటే ఉందని భార్యకి విన్నవించాడు. ఆవిడ వెళ్లి పెట్టె సర్దింది.

అక్కయ్య ఇల్లు ప్రేమతో పొంగిపొర్లింది. వండేటప్పుడు మాత్రం ఆ ప్రేమంతా నడుంనొప్పిగా మారి మంచమెక్కింది. "నువ్వు కూర్చోమ్మా మరదలా, నేను చేస్తాగా," అని మంచం మీంచే అనేది అక్కయ్య. ఆడపడుచు అలా అన్నాక ఎవరైనా కూర్చోగలరా? పొద్దున భార్య దోసెలు పోసిపెట్టేది, తండ్రీకూతుళ్లు పార్కుకి వెళ్లేవారు. సాయంత్రం వాళ్లొచ్చేసరికి కూరలు తరుగుతూ కనిపించేది. మధ్యలో బావగారికి ఉప్పు లేకుండా వేరే. 'ఉడుత రైలు ఎంత బాగుందో తెలుసా అమ్మా' అని కూతురు చెబుతుంటే, ఉల్లిపాయల వల్లనో దేనివల్లనో, కళ్లు తుడుచుకునేది.

మూడో రోజు పొద్దున కొటేషన్ గారు లేచేసరికి పొయ్యి చల్లగా ఉంది. భార్య లేదు, ఆవిడ చేతిసంచీ లేదు. ఇంతలో కూతురికి ఫోన్ వచ్చింది: అమ్మ రిసార్టులో ఉంది, ఎవరూ కంగారు పడొద్దు.

ఆయన పరుగున వెళ్లాడు. రిసెప్షన్‌లో ఉడుత టోపీ పెట్టుకున్న అమ్మాయి ఆయన్ని మర్యాదగా ఆపేసింది.

"మీరు ఆవిడకి ఏమవుతారు సార్?"

"మొగుణ్నమ్మా!"

"ఆ గదిలో ఒక్కరే అని రాసుంది సార్. మొగుళ్లకి విడిగా అనుమతి కావాలి. ఆవిడ టిఫిన్ చేస్తున్నారు, మధ్యలో పిలవకూడదు. మా రూలు."

ప్రతి రూలునీ గౌరవించిన మనిషి గనక, ఆయన ప్లాస్టిక్ పుట్టగొడుగు మీద కూర్చుని ఎదురుచూశాడు. భార్య తీరిగ్గా వచ్చింది. తల ఆరబోసుకుని ఉంది. చీర కొంగుకి చేతులు తుడుచుకున్న తడి లేదు. ఆవిడ మొహం అంత తేటగా ఉండటం ఆయన ఎప్పుడు చూశాడో ఆయనకే గుర్తు రాలేదు.

"కోపమొచ్చిందా?" అన్నాడు మెల్లగా.

"రాలేదండీ," అంది. "పొద్దున ఒకబ్బాయి వచ్చి, ఏం తింటారమ్మా అని అడిగాడు. నన్నే. ఏం చెప్పాలో తెలీలేదు. నాకేం ఇష్టమో గుర్తు రాలేదండీ. అంతమందిలో ఏడుపొచ్చేసింది. ఆ పిల్లాడు భయపడి అన్నీ తలా కొంచెం తెచ్చి పెట్టాడు. అన్నీ తిన్నాను."

కొటేషన్ గారికి తప్పంతా తనదేనని అర్థమైంది, సిగ్గేసింది, ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాడు కూడా. ఇన్నేళ్లలో అనాల్సిన మాటలన్నీ ఒక్కసారే నోటిదాకా వచ్చాయి. వాటన్నిటినీ పోల్చి చూసుకుని, ఆయన అన్నాడు:

"మరి... మధ్యాహ్నం వంటకి వచ్చేస్తావుగా? అక్కయ్య అడిగి రమ్మంది."